బందరు కోట నుంచి దామగుండం దాకా

ఈ వ్యాసం ఒక ప్రశ్నతో మొదలయింది. ఆ ప్రశ్న వేసింది ఏ ప్రొఫెసరు గారో కాదు, మా తాత.

మాది వికారాబాదు జిల్లా పూడూరు. వ్యవసాయ కుటుంబం. నాలుగెకరాల చెలక, ఒక బావి, రెండు బర్రెలు, పది పన్నెండు మేకలు. కంది, పత్తి, మొక్కజొన్న మా పంటలు. మా మండలంలోనే దామగుండం అడవి వుంది. అందులో రామలింగేశ్వర స్వామి గుడి వుంది. మా తాత చిన్నతనం అంతా ఆ అడవిలో పశువులు కాయడంతోనే గడిచిందట. ఆ అడవిలో సుమారు 2,900 ఎకరాలు భారత నౌకాదళానికి యిచ్చారు. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రం అక్కడ కడతారు. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారు, ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారు శంకుస్థాపనకు వచ్చారు.

ఆ వారం హాస్టల్ నుంచి ఇంటికి వెళితే తాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని అడిగాడు: "సముద్రమేమో యాడనో వుండె. సముద్రంల కావలి కాసెటోళ్ళకు మన అడివితోని ఏం పనిరా? నువ్వు సైన్సు సదువుతున్నవ్ గద, జెప్పు."

నేను బి.ఎస్‌సి. ద్వితీయ సంవత్సరం. భౌతికశాస్త్రం నా ముఖ్య విషయం. విద్యుదయస్కాంత తరంగాల మీద పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అయినా తాతకు జవాబు చెప్పలేకపోయాను. సూత్రం వచ్చుగాని సంగతి తెలియదు. అంతవరకు నేను సముద్రాన్ని చూసి కూడా ఎరుగను.

ప్రయాణం కుదిరిన విధం

సంక్రాంతి సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళి గుడారం వేసుకొని రెండు రాత్రులు గడపాలని మా గదిలో చర్చ వచ్చింది. మేము నలుగురం. నేను కాక, తాండూరు మిత్రుడు ఒకడు. వాళ్ళ నాన్నగారు నాపరాయి పాలిషింగు పనిచేస్తారు. పరిగి దగ్గరి తండా నుంచి వచ్చిన మిత్రుడు ఒకడు. గోల్కొండ కోట గోడల పక్కనే పుట్టి పెరిగిన మిత్రుడు నాలుగోవాడు. మొదట గోవా అన్నారు. అందరి జేబులూ లెక్కవేస్తే గోవా సగం దారి వరకే వచ్చింది! అప్పుడు నేను బందరు అన్నాను. తీరాన్ని మనవాళ్ళు, పరాయివాళ్ళు ఎట్లా కాపాడుకున్నారో చూద్దాము, అక్కడ పాత కోట వుంది అన్నాను. గోల్కొండ మిత్రుడు వెంటనే సై అన్నాడు. "అరె భాయ్, మా గోల్కొండ రేవు అదే గదా!" అన్నాడు.

మా అవ్వ మాత్రం నీళ్ళు జూసొస్తానికి అంత దూరమా, మన చెర్వు సాలదా అని సణిగింది. సణుగుతూనే సకినాలు, సజ్జరొట్టెలు మూటకట్టి యిచ్చింది. కంది ఆరబోసే తాటిపత్రి కూడా తీసుకున్నాము. గుడారం ఒక స్నేహితుని దగ్గర అరువు. కనుమ వెళ్ళిన మరునాడు, అంటే 2025 జనవరి 16 రాత్రి సికింద్రాబాదులో రైలెక్కి తెల్లవారేసరికి మచిలీపట్నంలో దిగాము. పూడూరు నుంచి లెక్కవేస్తే సుమారు 400 కిలోమీటర్ల దూరం.

బురదలో కోట

పారశీక భాషలో బందరు అంటే రేవు. ఊరి పేరే రేవు అన్నమాట. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన వాకిలి యిదే. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను యిక్కడ వర్తకశాలలు పెట్టుకున్నారు. యిక్కడి అద్దకం బట్టలు పర్షియాకు, జావా మొదలైన తూర్పు దీవులకు, ఐరోపాకు వెళ్ళేవి. గోల్కొండ నుంచి బందరుకు బండ్ల బాట వుండేది. వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ బాట మీద ప్రయాణించి తన గ్రంథంలో వర్ణించాడు.

తండా మిత్రుడు యిక్కడ ఒక మాట చెప్పాడు. వాళ్ళ పెద్దలు వందలాది ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు లోపలికి తెచ్చేవారట, లోపలి నుంచి ధాన్యం, పత్తి తీరానికి మోసేవారట. లంబాడీల వర్తకాన్ని గురించి చరిత్ర పుస్తకాలు కూడా ఆ మాటే చెబుతాయి. మనం తీరానికి దూరమని అనుకుంటాము. కాని మన కుండలో ఉప్పు తీరానిది, తీరంలో నేసిన బట్టలోని పత్తి చాలావరకు లోపలి నేలలది.

కోట ఊరికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, గిలకలదిండి రేవు వైపున వుంది. కొండమీద గోల్కొండను చూసిన కళ్ళకు యిది కోటలాగే కనబడదు. చుట్టూ చవిటి పర్ర, ఉప్పునీటి పాయలు, ముళ్ళ పొదలు. మిగిలిన ఇటుక కట్టడాల్లో మందుగుండు, ఆయుధాలు దాచిన గదులు వున్నాయి. గోడలో గవ్వలు కలిసిన సున్నం కనబడింది. తాండూరు మిత్రుడు దాన్ని గోటితో గీకి చూసి, రాయి లేనిచోట మనుషులు గవ్వనే రాయి చేశారని మెచ్చుకున్నాడు. "మా కోట కొండమీద, మీ కోట బురదలో!" అని గోల్కొండ మిత్రుడు నవ్వాడు.

బురదలో ఎందుకు కట్టారు? కావాలనే కట్టారు. చుట్టూ ఊబి వుంటే శత్రువు ఫిరంగులను దగ్గరకు లాగలేడు. కందకం తవ్వే పని ప్రకృతే చేసిపెట్టింది. సముద్రం వైపు నుంచి పెద్ద ఓడలు కూడా దగ్గరకు రాలేవు. యిక్కడ సముద్రం అడుగు చాలా మెల్లగా లోతుకు దిగుతుంది. అందుచేత ఓడలు ఒడ్డుకు మైళ్ళ దూరంలో లంగరు వేసి, చిన్న పడవల్లో సరుకు చేరవేసేవి. పాఠ్యపుస్తకంలో గీసిన బొమ్మలాగా అన్ని వైపులా రక్షణే. మరి ఎందుకు పడిపోయింది?

1759 ఏప్రిల్ రాత్రి

1750 నుంచి కోట ఫ్రెంచివారి చేతిలో వుండేది. 1759లో ఇంగ్లీషు కంపెనీ సేనాని ఫోర్డు ముట్టడించాడు. లోపల సేనాని కాన్‌ఫ్లాన్స్. లోపలి సైన్యం బయటి సైన్యం కంటే చిన్నదేమీ కాదు. పైగా ఫ్రెంచివారికి మిత్రుడైన హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో దగ్గరలోనే దిగి వున్నాడు. ఫోర్డు దగ్గర డబ్బు లేదు, మందుగుండు కూడా అయిపోవస్తోంది. లెక్క ప్రకారం ఓడిపోవలసినవాడు ఫోర్డే.

ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు దాడి చేశాడు. దాడిలో ఒక భాగంగా కొంతమంది సిపాయిలను ఊబి వైపు నుంచి పంపించాడు. అటు మనిషి నడవలేడని లోపలివారి నమ్మకం. కాని అడుగు ఆనే చోటు తెలిస్తే నడవవచ్చు. వాళ్ళు నడిచారు. అటువైపు నుంచి తుపాకులు మోగేసరికి లోపల గందరగోళం పుట్టింది. అదే సమయంలో అసలు దళం వేరే వైపున గోడ ఎక్కింది. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువారిది.

తరువాతి కథ మన ప్రాంతానికి సంబంధించినది. గెలిచినవాడి బలం చూసి సలాబత్ జంగ్ మాట మార్చాడు. 1759 మే నెలలోనే ఒప్పందం చేసుకొని బందరును, దాని చుట్టుపక్కల భూములను కంపెనీకి రాసి యిచ్చాడు. లోపలి నగరం పాలకుడు ఒక కాగితం మీద ముద్ర వేస్తే తీరం చేతులు మారిపోయింది. ఆ తీరంలో వల వేసుకొనేవాణ్ణి, ఉప్పు పండించేవాణ్ణి ఎవరూ అడగలేదు. వాళ్ళు మామూలుగానే తెల్లవారి పనికి పోయివుంటారు, ఆ రోజు నుంచి పన్ను ఎవరికి కట్టాలో మాత్రం మారిపోయింది.

ఆ శిథిలాల మీద కూర్చొని సజ్జరొట్టె తింటూ నేను యిదే ఆలోచించాను. తీరం కోసం లోపల నిర్ణయం జరుగుతుంది, లోపలి అడవి కోసం తీరం అవసరం కారణమవుతుంది. ఈ రెంటికీ నడుమ మనిషిని అడగడం అనేది ఒకటి వుండాలి కదా!

రాత్రి నేర్చుకున్న పాఠం

సాయంత్రం ఊరికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో వున్న మంగినపూడి తీరానికి చేరాము. నేను మొదటిసారి సముద్రం చూశాను. ఏమనిపించిందో రాయడం నాకు చేతకాదు. మా తాండూరు వైపు రేగడి భూములలాగా అక్కడ ఒడ్డున నల్లని మట్టి వుంది. అది చూసి నాకు కొత్త చోటు అనిపించలేదు. నీరు దూరంగా వుంది, నేల చదునుగా వుంది. నలుగురం చకచకా గుడారం వేసి, తాటిపత్రి పరిచి, పప్పు వండటానికి పొయ్యి పెట్టాము.

వలలు సర్దుకొని వెళుతున్న ఒక ముసలాయన ఆగి చూశాడు. "ఏవూరు బాబూ మీది? యిక్కడ పడుకోబాకండి. పోటొచ్చిందంటే మీ గుడ్డలిల్లు సముద్రం మీదికెళ్ళిపోద్ది" అన్నాడు.

"నీళ్ళు దూరంగ వున్నయ్ గద పెద్దయ్యా" అన్నాను నేను, సైన్సు విద్యార్థిననే ధీమాతో.

ఆయన ఏమీ అనకుండా మమ్మల్ని పైకి తీసుకెళ్ళి కాలితో చూపించాడు. మేము గుడారం వేసిన చోటికి పైన, ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక వరుసగా పడివున్నాయి. "యిది నిన్నటి పోటు గీత. పున్నమెళ్ళి నాలుగు రోజులే. యివాళ కూడా దగ్గర దగ్గర యిక్కడిదాకా వస్తది" అన్నాడు. గుడారం పీకి సరుగుడు చెట్ల దగ్గరకు మార్చుకున్నాము. అర్ధరాత్రి ప్రాంతంలో నీరు నిశ్శబ్దంగా వచ్చి మా పొయ్యి రాళ్ళను ముంచేసి, ఆ గీతకు రెండు బారల దూరంలో ఆగింది. మేము నలుగురం టార్చిలైటు వేసి చూస్తూ నిలబడ్డాము. ఎవ్వరమూ మాట్లాడలేదు.

మరునాడు దీన్ని లెక్కవేశాను. నేల నూరు అడుగులకు ఒక అడుగు వాలు వుందనుకుందాము. నీటిమట్టం మూడడుగులు పెరిగితే నీరు మూడు వందల అడుగులు లోపలికి వస్తుంది. నిలువు కొలత చిన్నదే, అడ్డం కొలత పెద్దది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పనిచేస్తాయి కాబట్టి పోటు ఎక్కువ. ఇదంతా నేను ఇంటర్మీడియట్‌లో చదివిందే! నాకు లేనిది ఆ గీతను చూసే కన్ను.

ఈ లెక్కలోనే బందరు కోట అసలు చావు కూడా వుంది. 1864 నవంబరు 1 రాత్రి తుపానులో సుమారు 13 అడుగుల ఉప్పెన ఆ చదును నేల మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారు. ఫిరంగులను ఆపిన ఊబి, ఓడలను ఆపిన మెరక సముద్రం ఉప్పెనను ఆపలేకపోగా పెంచాయి. లోతు తక్కువైన చోట గాలి తోసిన నీరు కిందికి పోలేక పైకి పేరుకుంటుంది. ఆ తరువాత కోటలో దళాన్ని వుంచడం మానుకున్నారు. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమలో జరిగింది కూడా యిటువంటిదే. సుమారు 10,000 మంది పోయారు. శత్రువు కోసం కట్టిన గోడ ఒక్కటే రక్షణ అనుకుంటే, శత్రువు కానిది వచ్చి అన్నీ తీసుకుపోతుంది.

మా ఊరి నీళ్ళు, మా ఊరి మట్టి

రెండవ రోజు బస్సులు మారుతూ అవనిగడ్డ మీదుగా హంసలదీవి వెళ్ళాము. కృష్ణ సముద్రంలో కలిసే చోట్లలో అది ఒకటి. అక్కడ చేతిలోకి నీరు తీసుకొని మిత్రులతో అన్నాను, ఇందులో మన వికారాబాదు నీరు వుందని. వాళ్ళు నవ్వారు. నవ్వవలసిన పనిలేదు. మూసీ పుట్టింది మన అనంతగిరి కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 660 మీటర్ల ఎత్తున. హైదరాబాదు దాటి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. వేల ఏళ్ళుగా వానకు కొట్టుకుపోయిన మన చెలకల మట్టి కొంతైనా ఈ లంక నేలల్లో వుండితీరాలి.

కాని ఇప్పుడు అది అంత సులభం కాదు. 1908 సెప్టెంబరు వరద తరువాత మూసీ మీద గండిపేట కట్టారు, అది 1920లో పూర్తయింది. కృష్ణ మీద విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజి 1957 నాటిది. పైన సాగర్, శ్రీశైలం వున్నాయి. నీరు, ఒండ్రు చాలావరకు పైనే ఆగిపోతాయి. పైన జరిగిన ప్రతి పనికి కింద ఒక ఫలితం వుంటుంది. లోపల కొండ మీద అడవి సంగతి తీరానిది కాదని, తీరం సంగతి మనది కాదని అనుకోవడానికి నది ఒప్పుకోదు.

గోడ లేని కోట

పులిగడ్డ, పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె, చీరాల మీదుగా మోటుపల్లి చేరేసరికి పొద్దు వాలింది. చూడటానికి కోట లేదు. వీరభద్రస్వామి గుడి, అందులో ఒక శాసన స్తంభం. కాకతీయ గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన అభయ శాసనం అది.

దాని సారాంశం ఏమిటంటే, అంతకుముందు రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును బలవంతంగా లాక్కునేవారు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుని మీద దయతో, ధర్మాన్ని తలచి, తాను నియమమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాజు ప్రకటించాడు. ఆ సుంకం ముప్పయ్యవ వంతు, అంటే నూటికి మూడుంబావు కంటే కాస్త ఎక్కువ. చందనం, కర్పూరం, ముత్యాలు మొదలైన సరుకులకు విడివిడిగా రేట్లు కూడా చెక్కించాడు. అందరూ చూసేచోట రాయి మీద చెక్కిన మాట కాబట్టి, సుంకరి రేపు ఎక్కువ అడిగితే వర్తకుడు స్తంభాన్ని చూపించవచ్చు.

ఆలోచించండి మిత్రులారా! గణపతిదేవుడు ఓరుగల్లులో వుంటాడు. ఆయన కూడా మనలాగా లోపలివాడే. చుట్టూ రాతిగోడ, మట్టిగోడ కట్టించుకున్న రాజు. ఆయన రేవును కాపాడటానికి మొదట చేసిన పని లెక్క చెప్పి మాట యివ్వడం. ఆ తరువాత అర్ధశతాబ్దానికి మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని, రేవు పేరుతోనే పిలిచాడు. బందరు కోట గోడలు కూలిపోయినా, మోటుపల్లి రేవు ఇసుకలో పూడిపోయినా, ఆ మాట మాత్రం నేటికీ చదవవచ్చు.

ఆ రాత్రి ఊరివారి అనుమతితో గుడికి కొంచెం దూరంలో గుడారం వేసుకున్నాము. ఈసారి ముందే వెళ్ళి ఊళ్ళోవాళ్ళను అడిగాము, ఎక్కడ పడుకోవచ్చునని!

తాతకు జవాబు

ఇంటికి వచ్చాక లైబ్రరీలో కూర్చొని తాత ప్రశ్నకు జవాబు తయారుచేశాను. జూనియర్లకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

రేడియో తరంగం ఉప్పునీటిలోకి వెళితే త్వరగా బలహీనపడుతుంది, ఎందుకంటే ఉప్పునీరు విద్యుద్వాహకం. తరంగబలం సుమారు మూడో వంతుకు పడిపోయే లోతును చర్మలోతు అంటారు. పౌనఃపున్యం యొక్క వర్గమూలానికి అది విలోమానుపాతంలో వుంటుంది. సముద్రజలం వాహకత్వం మీటరుకు 4 సీమెన్స్‌గా తీసుకొని లెక్కకడితే, ఎఫ్.ఎం. రేడియో వాడే 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది రెండున్నర సెంటీమీటర్లు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 25 సెంటీమీటర్లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 1.8 మీటర్లు. కాబట్టి పది మీటర్ల లోతున వున్న జలాంతర్గామికి, 1 మెగాహెర్ట్జ్ తరంగం ఏమీ మిగలదు. 20 కిలోహెర్ట్జ్ తరంగం మాత్రం సుమారు 270వ వంతు మిగులుతుంది. సున్నితమైన రిసీవరుకు అది చాలు. అందుకే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ దాకా వుండే అతి తక్కువ పౌనఃపున్య తరంగాలు, అంటే వి.ఎల్.ఎఫ్., వాడతారు.

మరి ఇంత స్థలం ఎందుకు? 20 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 15 కిలోమీటర్లు. అందులో నాలుగో వంతు ఎత్తు స్తంభం కావాలన్నా మూడుముప్పావు కిలోమీటర్లు నిలబెట్టాలి. అది అసాధ్యం. కాబట్టి వీలైనంత ఎత్తు స్తంభాలు నిలిపి, వాటి మధ్య తీగలు పరచి, భూమిలో కూడా తీగలు పాతి పెద్ద వైశాల్యం వాడుకుంటారు. మరి సముద్రం ఒడ్డున ఎందుకు కాదు? ఈ తరంగాలు భూమికి, పైనున్న అయనావరణానికి మధ్య సొరంగంలోలాగా వేల కిలోమీటర్లు పోగలవు. ఒడ్డునే వుండవలసిన పని లేదు. తుపానుకు, శత్రువుకు దూరంగా లోపల వుంటే మేలు కూడా. మన దేశంలో యిటువంటి మొదటి కేంద్రం తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తున్న ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్. దామగుండానిది రెండవది.

మా ఊళ్ళో కొందరు ఈ తరంగాలతో జబ్బులు వస్తాయని భయపడుతున్నారు. వీటికి అణువులను అయనీకరణం చేసే శక్తి లేదు. ఎక్స్ కిరణాలతో పోల్చడం తప్పు. అయితే స్తంభాల దగ్గర విద్యుత్ క్షేత్రానికి హద్దులు వుంటాయి. కంచె బయట దాన్ని కొలిచి చెప్పమని అడగడం తప్పు కాదు. తెలియని భయాన్ని పెంచడం ఎంత తప్పో, తెలిసిన ప్రశ్నను అడగకపోవడం కూడా అంతే తప్పు.

ఇదంతా తాతకు మన భాషలో చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "మంచిగ జెప్పినవ్. నీళ్ళల్లకు మాట పంపాల్నంటే గింత జాగ కావాలె, సరే. దేశం కోసమంటే కాదంటమా? గని అండ్ల మేసే బర్లు యాడ మెయ్యాలె? మన బాయిల ఊటకు అడివి అవసరమా కాదా? అది గూడ నీ పుస్తకంల వుందా?" అన్నాడు.

అది నా పుస్తకంలో లేదు. మంగినపూడి ముసలాయన కాలితో చూపించిన గీత కూడా నా పుస్తకంలో లేదు.

మనం చేయగలిగినది

వికారాబాదు మెట్ట మీద ఎర్రని లాటరైట్ రాయి వుంది. అది వాన నీటిని లోపలికి పీల్చుకొని మెల్లగా విడిచిపెడుతుంది. పైన చెట్టూ పుట్టా వుంటే నీరు ఆగి ఇంకుతుంది, లేకపోతే జారిపోతుంది. ఇంతవరకు శాస్త్రం చెబుతుంది. అయితే మా బావిలో ఎన్ని అడుగుల నీరు అడవి వలన వచ్చినది అని ఎవరైనా అడిగితే చెప్పాలంటే పాత లెక్కలు కావాలి. ఎవరి దగ్గరా లేవు. పోటు గీత లేని ఒడ్డు లాంటిది మా ఊరు.

అందుకని ఈ ఫిబ్రవరి నుంచి నేను, తండా మిత్రుడు కలిసి ఒక పని మొదలుపెట్టాము. తాడుకు రాయి కట్టి, అడుగుకొక ముడి వేసి, అడవి పక్క పన్నెండు బావుల నీటిమట్టం నెలకొకసారి కొలుస్తున్నాము. తేదీ, లోతు, ఆ నెల వాన ఒక నోటుబుక్కులో రాస్తున్నాము. మా తాత చెప్పే చెట్ల పేర్లు, పశువులు నడిచే బాటలు కూడా అందులోనే. తాడుముడి కొలత గొప్ప పరిశోధన కాదని తెలుసు. కాని కేంద్రం కట్టడం పూర్తికాకముందు రాసిన లెక్క, తరువాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

వృక్షశాస్త్రం చదివే మిత్రులు సెలవుల్లో రెండు రోజులు వచ్చి చెట్ల జాబితా సరిచూడండి. రసాయనశాస్త్రం వారు నీటి నమూనాలు తీసుకుపోండి. మా అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు ఈ పని ఎట్లా సక్రమంగా చేయాలో చెప్పండి. కేంద్రం కావాలా వద్దా అన్న వాదంలో ఎవరు ఏ పక్షమైనా వుండవచ్చు. రెండు పక్షాలకూ అవసరమయ్యేది ఈ లెక్కే.

బందరు కోటను కట్టినవారికి గోడలు కట్టడం వచ్చు. ఊబిలో అడుగు ఆనే చోటు, ఉప్పెన వచ్చే ఎత్తు ఆ నేల మీద బతికేవారికి తెలుసు. వాళ్ళను అడగని కోట నిలవలేదు. లెక్క చెప్పి, రాయి మీద మాట చెక్కిన మోటుపల్లి మాత్రం కోట లేకుండానే రేవుగా వెలిగింది. దామగుండంలో ఇప్పుడు కట్టేది మన దేశపు కోటే. దాని పక్కన వుండే మా ఊరికి కూడా అటువంటి స్తంభం ఒకటి కావాలి. గుడికి దారి ఏది, పశువులకు మేత ఎక్కడ, నీటికి లెక్క ఎవరిది అని అందరూ చూసేచోట రాసిన మాట కావాలి. దాన్ని అడగడానికి వెళ్ళే రోజున మా చేతిలో ఖాళీ కాగితం కాకుండా ఈ నోటుబుక్కు వుండాలని మా కోరిక.

ఫిబ్రవరి, మార్చి లెక్కలు రాశాము. మార్చి కొలతకు తాత కూడా మాతో నడిచాడు. పన్నెండో బావి దగ్గర తాడు తనే పట్టుకొని వేశాడు.